అడవివరం జైలు బయట దొరికే సాయం: ఎంతదాకా నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

హనుమంతువాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్లే దారిలో విశాఖపట్నం కేంద్ర కారాగారం ఉంది. దేశంలోని చాలా జైళ్లలాగే ఇక్కడా శిక్ష పడ్డవాళ్ల కంటే విచారణ ఖైదీలే ఎక్కువ. వాళ్లలోనూ గంజాయి కేసుల వాళ్లే ఎక్కువ. ఏజెన్సీ నుంచి మూట మోసిన కుర్రాడు, ఒడిశా నుంచి వచ్చిన కూలీ, తమిళనాడు నుంచి బండి తోలుకొచ్చిన డ్రైవరు ఒకే గోడ వెనక ఉంటారు. వీళ్ల ఇంటివాళ్లకు విశాఖలో పైసా ఖర్చు లేకుండా దొరికే సాయం మూడు రకాలు. ఒకటి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత వకీలు. రెండోది ఈ-ములాఖత్, అంటే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని ఖైదీని కలవడం. మూడోది హక్కుల సంఘాల అండ.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. బెయిలు ఆర్డరు తెప్పించడం వరకు ఈ ఏర్పాటు బాగుంది, నమ్మవచ్చు. ఆర్డరు వచ్చాక మనిషిని గేటు దాటించడంలోనే ఇది బలహీనం. అడిగేవాళ్లు లేని ఖైదీకి బెయిలు వచ్చినా జామీను దగ్గర నెలల తరబడి ఆగిపోయే అవకాశం ఉంది. సంఘాలు గానీ కుటుంబాలు గానీ శక్తి పెట్టాల్సిన చోటు అదే.

ఉచిత వకీలు

1987 నాటి న్యాయసేవల చట్టంలో 12వ సెక్షన్ ఎవరెవరికి ఉచిత న్యాయసహాయం ఇవ్వాలో చెబుతుంది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్న ఎవరైనా ఆ జాబితాలో ఉన్నారు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. అంటే మనిషి జైల్లో ఉన్నాడంటే చాలు, ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు. ఇంత తేలిక సంగతి తెలియక మొదటి వారమంతా తహసీల్దారు ఆఫీసు దగ్గర పోగొట్టుకునే కుటుంబాలు ఎన్నో. ఎవరైనా ఆ సర్టిఫికెట్ అడిగితే 12వ సెక్షన్‌లోని కస్టడీ క్లాజు పేరు చెప్పండి.

దరఖాస్తు పెట్టడానికి మూడు దారులున్నాయి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెల్ల కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. 15100కి ఫోన్ చేయవచ్చు. లేదా లోపలున్న ఖైదీయే జైలులోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో పారాలీగల్ వాలంటీరుకు చెప్పి సంతకమో వేలిముద్రో వేయవచ్చు. వీటిలో మూడోదే గట్టి దారి. వకాల్తా (వకీలుకు కేసు అప్పగించే కాగితం) మీద ఖైదీ సంతకం కావాలి, దాన్ని జైలు అధికారి ధ్రువీకరించాలి. బయటి నుంచి దరఖాస్తు పెట్టినా కాగితం చివరికి లోపలికి వెళ్లి రావలసిందే. కాబట్టి రెండు వైపుల నుంచీ ఒకేసారి పెట్టండి: ములాఖత్‌లో మనవాడికి క్లినిక్‌లో పేరు రాయించుకోమని చెప్పండి, బయట మీరు కార్యదర్శి దగ్గర కాగితం ఇచ్చి దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర పడని కాగితాన్ని ఇచ్చినట్టు లెక్కపెట్టుకోవద్దు.

ఆ కాగితంలో ఉండాల్సినవి ఇవి: ఖైదీ పేరు, తండ్రి పేరు, జైలు నంబరు, పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు, సెక్షన్లు, మొదటిసారి రిమాండ్ చేసిన తేదీ, ఏ కోర్టు, తర్వాతి వాయిదా ఎప్పుడు. క్రైమ్ నంబరు తెలియకపోతే ఎఫ్‌ఐఆర్ పోలీసుల వెబ్‌సైట్లో దొరుకుతుంది. సున్నితమైన కేసులు తప్ప మిగతావన్నీ పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు కోర్టులో నంబరు అయ్యాక పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది. దాన్ని ఫోన్‌లో దాచుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి వాయిదానూ ఇంట్లో కూర్చునే చూడవచ్చు.

2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి నడుస్తోంది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ కౌన్సిళ్లు జీతం మీద పూర్తికాలం ఈ కేసులే చూస్తారు, ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు. పాత ప్యానెల్ పద్ధతి కంటే ఇది చాలా మెరుగు. అప్పట్లో ఒక్కో కేసుకు వచ్చే కొద్దిపాటి ఫీజుతో వకీలుకు ఈ కేసు చివరి పని అయ్యేది. ఇప్పుడు రిమాండ్ నుంచి అప్పీలు దాకా ఒకే ఆఫీసు బాధ్యత. అడిగితే చెప్పడానికి ఒక గది, ఒక మనిషి ఉన్నారు. అయితే కేసుల బరువు ఎక్కువ. వకీలు మీ మనిషిని జైల్లో కలిసి మాట్లాడారా లేదా అన్నది మీరే కనుక్కోవాలి. ఖైదీతో మాట్లాడకుండా వేసిన బెయిలు పిటిషన్‌లో "అమాయకుడు, కుటుంబానికి ఇతనే ఆధారం" అన్న అరిగిపోయిన రెండు ముక్కలే ఉంటాయి. ఇంట్లో రోగి ఉన్న ఆస్పత్రి కాగితం, పిల్లల స్కూలు కాగితం, పనిచేసే చోటి ఉత్తరం మీరు తెచ్చి చేతికిస్తేనే పిటిషన్‌కు బలం.

"డబ్బులివ్వకపోతే సరిగ్గా వాదించరట బాబూ" అన్న భయం పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లలో బాగా ఉంది. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు కూడా ఈ చట్టం కిందే వస్తాయి. ఎవరైనా అడిగితే కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పి వకీలును మార్చమని కోరవచ్చు. అది ఖైదీ హక్కు.

ఈ భాగానికి పదికి ఏడు. పట్టించుకునే కుటుంబం ఉంటే ఎనిమిది ఇవ్వవచ్చు.

రోజుల లెక్క

ఉచిత వకీలు ఉన్నా, డబ్బిచ్చి పెట్టుకున్న వకీలు ఉన్నా, తేదీలు ఇంటివాళ్లే గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవాలి. మొదటి రిమాండ్ తేదీని కూడా కలుపుకుని లెక్కపెట్టాలి. మామూలు కేసుల్లో 60 రోజులు, మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లోగా చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. దానంతటది రాదు. చార్జిషీటు పడక ముందే పిటిషన్ వేయాలి. 61వ రోజు సెలవని ఊరుకుంటే 62వ రోజు పొద్దున్నే చార్జిషీటు పడవచ్చు. అక్కడితో ఆ హక్కు పోయినట్టే.

గంజాయి కేసుల్లో లెక్క వేరు. జాగ్రత్తగా చదవండి. ఒక కిలో కంటే తక్కువైతే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, మధ్యలో ఉన్నది మధ్యస్థం. వాణిజ్య పరిమాణానికి చార్జిషీటు గడువు 180 రోజులు, ప్రాసిక్యూటర్ కారణాలు చూపిస్తే కోర్టు ఏడాది దాకా పొడిగించవచ్చు. బెయిలుకు ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల చట్టం) 37వ సెక్షన్ అడ్డు నిలబడేది కూడా ప్రధానంగా ఈ వాణిజ్య కేసులకే. మధ్యస్థ పరిమాణానికి 37 వర్తించదు. 180 రోజుల గడువూ వర్తించదు, 60 రోజుల లెక్కతో వాదించవచ్చు. ఎన్‌డీపీఎస్ అన్న మాట వినగానే "దీంట్లో బెయిలు రాదు" అని చేతులెత్తేసే వకీళ్లు ఉన్నారు. పంచనామాలో ఎన్ని కిలోలు రాశారన్నదే మొదటి ప్రశ్న కావాలి. 21, 22 కిలోలని రాసి ఉంటే ఆ తూకం సంచులతో సహానా, కాడలు, ఆకులు, గింజలు కలిపి తూచారా అన్నది రెండో ప్రశ్న. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా ఒట్టి ఆకులు, గింజలు ఉంటే అవి ఆ నిర్వచనంలోకి రావు. పరిమితి అంచున ఉన్న కేసుల్లో ఈ తేడా మీదే బెయిలు ఆధారపడుతుంది. ఈ రెండు ప్రశ్నలూ మీ వకీలును అడగండి. విసుక్కుంటే మళ్లీ అడగండి.

బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మొదలైన కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతకుముందు ఏ శిక్షా పడని మనిషి, నేరానికి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హుడు. మిగతావాళ్లకు సగం. ఉదాహరణకు మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే మొదటిసారి వాడికి ఏడాది. మధ్యస్థ పరిమాణం గంజాయికి గరిష్ఠం పదేళ్లు, అంటే మూడేళ్ల నాలుగు నెలలు. గడువు దాటగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే అని చట్టంలోనే రాశారు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు.

ఈ సెక్షన్‌లో పెద్ద గొయ్యి ఒకటుంది. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ విడుదల లేదంటుంది రెండో క్లాజు. ఒకే సంఘటనకు రెండు స్టేషన్లలో కేసు కట్టినా, పాత చిల్లర కేసొకటి మూయకుండా వదిలేసినా మనిషి ఇందులో పడతాడు. అందుకే పెద్ద కేసు కంటే ముందు ఆ చిల్లర కేసును లోక్ అదాలత్‌లోనో, నేరం ఒప్పుకుని జరిమానా కట్టో ముగించుకోవడం మంచిదన్న సలహా మీకు వస్తుంది. కానీ నేరం ఒప్పుకోవడమంటే శిక్ష పడ్డట్టే. అలా చేస్తే మూడో వంతు సౌకర్యం పోయి సగం లెక్కకు వెళ్లిపోతాడు. రాజీతో పోయే కేసులైతే రాజీయే మేలు.

వాణిజ్య పరిమాణం వాళ్లకు 479 పెద్దగా అక్కరకు రాదు. గరిష్ఠం ఇరవై ఏళ్లు కాబట్టి మూడో వంతంటేనే ఆరేళ్ల ఎనిమిది నెలలు. వాళ్ల దారి వేరు. విచారణ ఎప్పటికీ తెమలకపోతే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని హైకోర్టుకు వెళ్లాలి. హైకోర్టు అమరావతిలో ఉంది కదా, అంత దూరం ఎలా అని భయపడక్కర్లేదు. అక్కడ హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉంది, జైలు ద్వారా గానీ జిల్లా సంస్థ ద్వారా గానీ కాగితాలు అక్కడికి వెళతాయి. కింది కోర్టు బెయిలు తిరస్కరించిన ఆర్డరు నకలు, ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, చార్జిషీటు, ఎంతమంది సాక్షుల్లో ఎంతమందిని విచారించారో తెలిపే వాయిదాల వివరం కట్టగా పంపాలి. ఆ చివరి కాగితం లేకపోతే ఆలస్యం రుజువు కాదు. తరచుగా పెట్టడం మరిచిపోయేది కూడా అదే.

జామీను

ఇప్పుడు అసలు సంగతి. బెయిలు ఇస్తూ కోర్టు సాధారణంగా ఇద్దరు జామీనుదారులను, ఒక్కొక్కరు ఇంత మొత్తానికి, అడుగుతుంది. జామీనుదారు ఆధార్, ఫోటోలు, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసు పుస్తకం, ఆస్తి విలువకు తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ కాగితం అడుగుతారు. తాను ఇప్పటికి ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా అతను రాసివ్వాలి.

మైదానం వాళ్లకే ఇది కష్టం. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చిన గిరిజన కుటుంబానికి దాదాపు అసాధ్యం. వాళ్ల దగ్గర ఉండేది అటవీ హక్కుల పట్టా. అది వారసత్వంగా వస్తుంది గానీ అమ్ముకోవడానికి వీల్లేదు. అందుకని దాన్ని ఆస్తి విలువగా చూపడం కష్టం. మిగతా భూమి మీద కూడా 1/70 (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) ఆంక్షలున్నాయి. విశాఖలో ఇల్లున్న చుట్టాలు ఉండరు. వంద కిలోమీటర్ల పైనుంచి ఇద్దరు మనుషులు కూలి మానుకుని రెండు మూడుసార్లు రావాలి. ఒడిశా కూలీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి వేళ కోర్టు చుట్టుపక్కల "మేము షూరిటీలు పెడతాం" అని వచ్చేవాళ్లను దగ్గరకు రానివ్వకండి. ఆ కాగితాలు దొంగవని తేలితే కొత్త కేసు పడుతుంది, బెయిలు రద్దవుతుంది, ఇచ్చిన డబ్బు రాదు.

చట్టంలో దారులు లేకపోలేదు. వేరే ఊరి జామీనుదారును ఆ ఒక్క కారణంతో కాదనకూడదని 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. జామీను మొత్తం ఎక్కువగా ఉంటే తగ్గించమని బీఎన్‌ఎస్‌ఎస్ 484వ సెక్షన్ కింద అడగవచ్చు. జామీనుదారు బదులు నగదు కట్టడానికి అదే చట్టం 490వ సెక్షన్ కింద అనుమతి కోరవచ్చు. చిన్న మొత్తాలకు ఇదే తేలిక. తర్వాత ఆ డబ్బు తిరిగి వస్తుంది, రసీదు పోగొట్టుకోకూడదు. బెయిలబుల్ నేరమై వారంలో జామీను ఇవ్వలేకపోతే ఆ మనిషిని పేదగా లెక్కించి సొంత పూచీ మీద వదలాలి.

వీటన్నిటికంటే పనికొచ్చేది 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు. బెయిలు ఆర్డరు కాపీని కోర్టు ఆ రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్‌లో పంపాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి వాలంటీరునో ప్రొబేషన్ అధికారినో పంపి కుటుంబ పరిస్థితి మీద నివేదిక రాయించి, షరతులు సడలించమని కోర్టు ముందు పెట్టవచ్చు. బయటికి వస్తే జామీను తెచ్చుకోగలనని ఖైదీ చెబితే కొన్నాళ్లకు తాత్కాలిక బెయిలు ఇవ్వడం కోర్టు ఆలోచించవచ్చు. నెల దాటితే కోర్టు తనంతట తానే షరతులు మార్చే విషయం చూడవచ్చు.

చదవడానికి ఎంత బాగుందో! ఆచరణలో గొలుసుకు ఏ కొక్కెం ఊడినా ఆగిపోతుంది. కాబట్టి ఎనిమిదో రోజు పొద్దున మీరే కాగితం పెట్టండి. రెండు వాక్యాలు చాలు: "ఫలానా కేసులో ఫలానా తేదీన బెయిలు వచ్చింది. జామీను ఇచ్చుకోలేక ఇంకా జైల్లోనే ఉన్నాడు, 31-1-2023 ఆదేశాల ప్రకారం సామాజిక ఆర్థిక నివేదిక తయారుచేయించి షరతులు సడలించేలా చూడగలరు." ఒక ప్రతి కార్యదర్శికి, ఒకటి జైలు సూపరింటెండెంట్‌కు. రెండింటి మీదా ముద్ర.

పేద ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం కూడా ఉంది. 2023లో మొదలైనప్పుడు విచారణ ఖైదీకి జామీను కోసం 40,000 రూపాయల దాకా, శిక్ష పడినవాడికి జరిమానా కోసం 25,000 దాకా అని పెట్టారు. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంట్, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు బాధ్యత చూసే జడ్జి ఉన్న కమిటీ దాన్ని మంజూరు చేస్తుంది. డబ్బు ఖైదీ చేతికి రాదు, కోర్టులో జమ అవుతుంది.

మంచి పథకమే. కానీ అవినీతి నిరోధక చట్టం, మనీలాండరింగ్, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులతో పాటు ఎన్‌డీపీఎస్ కేసులనూ ఇందులోంచి తీసేశారు. మిగతా ఊళ్లలో ఇదొక చిన్న మినహాయింపు కావచ్చు. అడవివరంలో మాత్రం పథకం ఎవరి కోసమో వాళ్లే బయట నిలబడ్డారు. రోజు కూలికి మూట మోసి, మధ్యస్థ పరిమాణం కేసులో బెయిలు తెచ్చుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఈ సాయానికి పనికిరాడు. జైళ్ల సంస్కరణ గురించి ఈ జిల్లాలో ఏ సంఘమైనా ఒక్క డిమాండే పెట్టాలంటే అది ఇదే కావాలి: వాణిజ్య పరిమాణం కాని ఎన్‌డీపీఎస్ కేసులకు ఈ పథకం వర్తింపజేయాలి.

జామీను భాగానికి పదికి మూడు. ఆ మూడూ ఆ సుప్రీంకోర్టు ఆదేశాలకే.

ములాఖత్

కేంద్రం నడిపే ఈ-ప్రిజన్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే నేరుగా గానీ వీడియోలో గానీ కలవవచ్చు. చూసేవాళ్ల పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నంబరు, ఫోన్, ఈమెయిల్, ఖైదీ పేరు, తండ్రి పేరు, జైలు పేరు నింపాలి. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, జైలు ఒప్పుకున్నాక సమాచారం వస్తుంది. తిరస్కరణకు మామూలు కారణం ఖైదీ పేరు తేడా. జైలు రికార్డులో పేరు రిమాండ్ రిపోర్టులో ఉన్నట్టు ఉంటుంది, ఇంటిపేరు ముందో వెనకో మారిపోతుంది. ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా రిమాండ్ కాగితంలో ఉన్నట్టు నింపండి.

ఏజెన్సీ కుటుంబాలకు వీడియో ములాఖత్ నిజంగా వరం, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి మిగులుతాయి. సిగ్నల్ ఉన్న చోటికి నడవాల్సి రావడం, ఈమెయిల్ లేకపోవడం అడ్డంకులు. గ్రామ సచివాలయంలో ఎవరైనా ఓపికగా నింపిపెడితే పని జరుగుతుంది. నేరుగా వెళితే అసలు ఆధార్ తీసుకెళ్లండి. మందులు చేతికివ్వనివ్వరు కాబట్టి డాక్టరు చీటీ నకలును చిన్న అర్జీతో జైలు వైద్యాధికారి పేర ఇవ్వండి. పెద్ద జబ్బయితే కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) పంపమని అందులోనే రాయండి. మానసిక సమస్య ఉంటే పాత వైద్యం కాగితాలు తప్పకుండా జతచేయాలి. అవి లేకపోతే మనిషి నటిస్తున్నాడనుకునే ప్రమాదం ఉంది. చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఊళ్లోనే ఉండడం ఇక్కడి ఖైదీలకు ఒక మేలు.

పదికి ఏడు.

హక్కుల సంఘాలు

తెలుగు నేల మీద ఖైదీల హక్కుల గురించి మాట్లాడిన సంఘాలకు పెద్ద చరిత్రే ఉంది. పౌరహక్కుల సంఘం 1970ల నుంచి ఉంది. మానవ హక్కుల వేదిక 1998లో ఏర్పడింది. దాని వెనక నిలిచిన బాలగోపాల్ స్వయంగా వకీలుగా ఉండేవారు. మన రాష్ట్రం పేరున్న కేసులే దేశమంతటికీ జైలు చట్టాన్ని మార్చాయి. కోయిలకుంట్ల సబ్ జైలులో 1977లో బాంబు దాడికి చనిపోయిన ఖైదీ కేసులో, జైల్లో ఉన్నంత మాత్రాన ప్రాణహక్కు పోదని, కాపాడలేకపోతే ప్రభుత్వం పరిహారం కట్టాలని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో వచ్చిన తీర్పు వల్లే తల్లితో జైల్లో ఉన్న పిల్లలకు ఆరేళ్ల దాకా తిండి, వైద్యం, చదువు ఏర్పాట్లు హక్కుగా వచ్చాయి.

ఈ సంఘాల నుంచి ఏం ఆశించాలో ముందే తెలుసుకుని వెళితే నిరాశ ఉండదు. ఇవి బెయిలు ఇప్పించే ఆఫీసులు కావు, జామీను డబ్బు కట్టవు. వీటి బలం నిజనిర్ధారణ, అధికారులకు వినతి, పత్రికల్లో మాట, అవసరమైతే హైకోర్టులో పిటిషన్. కస్టడీలో కొట్టడం, జైలు మరణం, వైద్యం అందకపోవడం, కులం చూసి పని చెప్పడం లాంటివాటికి వీళ్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు తేదీ వారీగా ఒక పేజీ రాసుకెళ్లండి: ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎప్పుడు కోర్టులో పెట్టారు, మెజిస్ట్రేటు దెబ్బల గురించి అడిగారా, వైద్య పరీక్ష కాగితం ఎక్కడ. అరెస్టుకూ కోర్టుకూ మధ్య 24 గంటలు దాటిందా అన్నది గంటలతో సహా రాయాలి.

జైలు మరణమైతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం వెళ్లాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి. పోస్టుమార్టం వీడియో తీయించమని, రిపోర్టు నకలు ఇవ్వమని అంత దుఃఖంలోనూ ఆ రోజే రాసి ఇవ్వాలి. మృతదేహాన్ని తీసుకున్నాక రాసిన కాగితానికి అంత బలం ఉండదు. ఇంటివాళ్లకు అది రాసే స్థితి ఉండదు. సంఘం మనిషి పక్కన ఉండాల్సిన వేళ అది. కమిషన్‌కు ఫిర్యాదు ఉచితం, సంఘటన జరిగిన ఏడాదిలోపు చేయాలి. రాష్ట్ర కమిషన్ కర్నూలులో ఉంది. రెండు కమిషన్లకూ ఒకే ఫిర్యాదు పంపకండి, ఒకటి తీసుకుంటే రెండోది పక్కన పెడుతుంది.

2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, కులాన్ని బట్టి ఊడ్చే పని, వంట పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. న్యాయసేవాధికార సంస్థ, జైలు సందర్శకుల బోర్డు కలిసి తనిఖీలు చేయాలంది. ఆ తనిఖీ నివేదికలను సమాచార హక్కు కింద అడిగి తీసుకోవడం విశాఖ సంఘాలు చేయగల సులభమైన, విలువైన పని. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఉండగా మనుషుల కొరత అనుకోనక్కర్లేదు.

సంఘాలకు మార్కులు వేయడం కష్టం. పెద్ద అన్యాయం మీద గొంతెత్తడంలో పదికి ఎనిమిది. రోజువారీ జామీను, కువి, ఒడియా మాటలు తెలుగులోకి చెప్పే మనిషి, రాత్రి విడుదలైనవాడికి ఊరు చేరడానికి బస్సు చార్జీ లాంటి చిన్న అవసరాల్లో చాలా తక్కువ. అది వాళ్ల తప్పు కాదు, ఆ పనికి వేరే రకం సంఘం కావాలి. ఏజెన్సీ భాషలు తెలిసిన నలుగురు, మైదానంలో ఇల్లో పొలమో ఉండి జామీనుకు ఒప్పుకునే ఇరవై మంది, వాళ్ల కాగితాలు తాజాగా ఉంచే ఒకరు. ఇంతే కావాల్సింది.

జామీను కాగితాలు పెట్టే ముందు చివరిగా ఒకటి కనుక్కోండి: మనవాడి మీద వేరే కోర్టు నుంచి పీటీ వారెంటు (ఇంకో కేసులో ఖైదీని తమ ముందు హాజరుపరచమనే ఆదేశం) ఏదైనా ఉందా అని. ఉంటే ఈ కేసులో విడుదల ఆర్డరు గేటుకు వచ్చినా వదలరు, ఆ రెండో కేసులో కూడా బెయిలు కావాలి. వకాల్తా తీసుకున్న రోజే జైలు నుంచి అతని మీదున్న కేసుల జాబితా తెప్పించమని వకీలుకు చెబితే, జామీనుదారులను ఊరి నుంచి ఒక్కసారే రప్పించి రెండు కేసులకూ ఒకే వారంలో కాగితాలు పెట్టించవచ్చు. ఆర్డరు మధ్యాహ్నం లోపే జైలుకు చేరేలా చూసుకోండి, సాయంత్రం లాకప్ అయ్యాక వచ్చిన ఆర్డరు మీద విడుదల మర్నాటికి పడే అవకాశం ఎక్కువ.